తలుపు తలాపైతే

తమ్ముడు: తలాపు పలక కావాలంటే కొనుక్కో అక్కా, నేను అడ్డమస్తనా? ముత్తంగి నుంచి పటాన్‌చెరు దాక ఫర్నిచర్ దుకాణాలకు ఏం కొదువ? నీళ్ల ట్యాంకు ఎనక ఇన్నేండ్లు నిలబెట్టిన పాత తలుపును తెచ్చి నా మేనకోడలు తలకాడ పెడతనంటేనే నాకు మింగుడు పడుతలేదు.

అక్క: కొననీకె పోయిన. ఒట్టి తలాపు పలక అమ్మరంట, మంచంతోనే కొనాలంట. మంచం గట్టిగనే ఉన్నది, దాన్ని ఏం జెయ్యాలె? కార్పెంటర్‌ను అడిగితే ప్లైవుడ్, సన్‌మైకా, ఫోమ్, రెక్జిన్, కూలి అన్ని కలిపి తొమ్మిది వేలు అన్నడు. ఆయన లెక్క తప్పని నేను అంటలేను. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల ఎడల్పు. అంటే 32 చదరపు అడుగులు. అడుగుకు నూరు రూపాయలు ఏసుకున్నా షీటుకే 3,200. కాని ఈ పని ఎందుకు మొదలైంది? పోరి గోడకు ఆనుకొని చదువుకుంటే వీపంత సున్నం అంటుతున్నదని. సున్నం అంటకుంట ఉండనీకె తొమ్మిది వేలా?

తమ్ముడు: తలుపుకు పైసలు కావు, సరే. నీ రెక్కలకు? పొద్దుగాల వంట, డబ్బాలు, బట్టలు అయినంక నీకు మిగిలేదే ఆదివారం. రంగు పనికి ఒక ఆదివారం, కోసుడుకు ఒకటి, నునుపు చేసుడుకు ఒకటి, మెత్త కుట్టుడుకు ఒకటి. అవే నాలుగు ఆదివారాలు మిషన్ మీద కూసొని జాకెట్లు కుడితే ఎన్ని పైసలస్తయో నాకన్న నీకే ఎరుక. ఆడోళ్ల పనికి కూలి కట్టకుంటే లోకంల ఏదైనా చవకనే. తక్కువ ఖర్చుల చేసినమని చెప్పుకునేటోళ్లు ఆ ఒక్క లెక్క ఎన్నడూ రాయరు.

అక్క: ఆ మాట నిజమే. కూలి కడితే ఇది అంత చవక కాదు. కాని పొద్దంత నా చెయ్యి వేరేటోళ్ల కొలతలకే నడుస్తది. ఇదొక్కటి నా ఇంటి కొలతకు చేసుకుంట అంటున్న. ఆ తలుపును దగ్గరికి పోయి చూసినవా అసలు? ఆరున్నర అడుగుల పొడుగు, మూడడుగుల ఎడల్పు. అడ్డం తిప్పితే అదే తలాపు. మంచం ఐదడుగులే. తలుపు కింది దిక్కు, అప్పట్ల ఇల్లు కడిగిన నీళ్లు, తర్వాత వాన నీళ్లు తాకి తాకి, అడుగు దాక మెత్తబడ్డది. వేలిగోరుతోని నొక్కిన. కింద గోరు దిగబడ్డది, పైన గోరే విరిగింది. మిగిలిన ఐదున్నర అడుగులు ఇనుము లెక్క ఉన్నయి. టేకు, తమ్మీ. గంత టేకు తొమ్మిది వేలల్ల వస్తదా?

తమ్ముడు: టేకు సంగతి తర్వాత. కాళ్లకు, ఎనక బద్దలకు ప్యాలెట్ కట్టెలు తెస్త అంటివి గదా, పాశమైలారం దిక్కు స్క్రాప్ దుకాణంల కుప్పలు పడ్డయని? ఆ కుప్పల సంగతి నన్నడుగు. పదేండ్ల సంది ప్యాకింగ్ పనిల ఉన్న. దేశం దాటే కట్టె ప్యాలెట్‌కు ముద్ర ఉంటది. గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం అక్షరాలు, ఇంకా హెచ్‌టీ అనో ఎంబీ అనో రాసుంటది. హెచ్‌టీ అంటే కట్టె నడిమి దాక 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగిలిచ్చిన్రన్నట్టు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టిచ్చిన్రన్నట్టు. ఓజోన్ పొరను తింటదని మాంట్రియల్ ఒప్పందం కింద దాని మామూలు వాడకం ఆపిచ్చిన్రు గాని, దేశం దాటే సరుకుల పురుగు సంపనీకె మినహాయింపు ఇచ్చిన్రు. సరే, హెచ్‌టీ ముద్ర చూసే తెచ్చినవనుకో. ఆ ముద్ర పురుగు సంగతే చెప్తది. దాని మీద ఏ డ్రమ్ము కారిందో చెప్పదు. ఇక్కడిక్కడ తిరిగే ప్యాలెట్‌కైతే ఆ ముద్ర గూడ ఉండదు. ఒకదాని నడిమి పలక మీద గోధుమరంగు మరక చూసిన. రెండు వానలకు తడిసినా పోలే. అది ఏం మరకనో అడిగితే ఒక్కలు చెప్పలే. గసొంటి పలక పక్కన మొకం పెట్టి రాత్రంత పండుకుంటరా?

అక్క: ప్యాలెట్ వద్దు, ఇడిచిపెట్టిన. కాళ్లకు మన పాత ఇంటి కిటికీ చౌకట్లే ఉన్నయి. నువ్వంటుంటే నాకు నీలం డ్రమ్ము యాదికొచ్చింది. నీళ్లు పట్టుకోనీకె సగం ధరకు వచ్చిందని తెచ్చుకుంటిమి. అమ్మ మూడుసార్లు సర్ఫుతోని కడిగింది, అయినా మూత తీస్తే ముక్కు మండె. దాన్ని గల్లీల పడేసింది నువ్వే. అప్పటి సంది నాకు ఒకటే లెక్క. వస్తువు పాతదా కొత్తదా అని చూడను, దాని పుట్టుపూర్వం నాకు ఎరుకనా అని చూస్త. తలుపు పుట్టుపూర్వం ఎరుకనే. గూన పెంకల ఇంటిది, తాత నిలబడి చేయించిండు. దాని మీద ఏ డ్రమ్మూ కారలే.

తమ్ముడు: ఎరుకనే అనుకుంటున్నవ్. దాని మీద రంగు ఎవరేసిన్రు, ఏం రంగేసిన్రు? పెచ్చు లేసినకాడ నేను లెక్కపెట్టిన. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, ఇంకా కింద జాజు రంగు. ఇంటికి ఏసే రంగులల్ల సీసం 90 పీపీఎం దాటొద్దని, అంటే పది లక్షల వంతులల్ల తొంభై వంతులు దాటొద్దని, మన దేశంల రూలు చేసింది 2016ల. అమలైంది 2017 నవంబర్ నుంచి. మన తలుపుకు ఆఖరి పూత పడ్డది అంతకన్న ఎంత ముందటనో నీకు తెలుసు. అప్పటి ఆయిల్ పెయింట్ల ఎంత కలిపిన్రో డబ్బా మీద రాసి ఉంటుండెనా? రంగు తలుపుకు అంటుకొని ఉన్నంతసేపు ఊకుంటది. సాండ్ పేపర్ పెట్టినవా, దుమ్మైతది. ఆ దుమ్ముల సీసం ఉంటే పిల్లల మెదడుకు చేటు. పుట్టుపూర్వం ఎరుకైన తలుపే గిట్లుంటే ఇగ ఎరుకలేనిది ఎట్లుంటది?

అక్క: ఇది నేను తలువలే. తలువకుంట మొదలువెడితే ఎట్లుండెనో. పొడిగ గీకను. తడుపుకుంట గీకుత, ఇంట్ల కాదు, దొడ్ల. కింద ప్లాస్టిక్ పట్టా, ముక్కుకు మంచి మాస్కు. పోరిని ఆ దినం అమ్మ కాడికి తోలుత. కాని తమ్మీ, నువ్వు కొత్తదంటే కడిగిన ముత్యమన్నట్టు మాట్లాడుతున్నవ్. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అంటే ఏంది? కట్టె పొట్టును జిగురుతోని ఒత్తిన పలక. ఆ జిగురు ఎక్కువ మట్టుకు యూరియా ఫార్మాల్డిహైడ్. కొత్త అల్మారి తెరిస్తే కండ్లు మండే వాసన వస్తది చూడు, అది దానిదే. ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లనే తేల్చింది. తక్కువ వాసన ఇడిచే రకాలు ఉన్నయి, ఈ-1 అని, ఈ-0 అని. మంచం కొనేటప్పుడు ఆ అక్షరాలు ఏడున్నయని నువ్వు అడిగినవా?

తమ్ముడు: అడగలే. అడగాలని గూడ ఎరుకలే. నా మంచం సంగతి నువ్వు తీయకముందే నేనే చెప్త. రెండు వానకాలాలకు తలాపు కింది అంచు ఉబ్బింది. గోడ చెమ్మ పీల్చి, చాయల నానిన బిస్కట్ లెక్క పొరలు ఇచ్చుకున్నది. ఈఎంఐ ఇంకా నడుస్తనే ఉండె. దుకాణంల అడిగితే నీళ్లు తాకితే గ్యారంటీ లేదన్నరు. నేను నీళ్లు పొయ్యలే, గోడ పోసింది. గా ముచ్చటల నువ్వు గెలిచినట్టే. అయినా అది ఇంట్లకొచ్చిన నాడు నాకు ఎట్లుండెనో నీకు తెల్వదక్కా. మన ఇంట్ల నాకు కొత్తది ఏమొచ్చింది? అన్న అంగీ, నీ పుస్తకాలు, చిన్నాయిన సైకిలు. ప్లాస్టిక్ కవరు గూడ ఇప్పకుంట వారం దినాలు ఆ మంచం మీద పండుకున్న. కొత్తది అనే మాటకు విలువ నీకు తెల్వదు. నీకు తెలిసింది పాతదాని విలువ.

అక్క: ఉబ్బిన అంచు చూపెట్టి నీ సంబురాన్ని తక్కువ చెయ్యను. ఒక్కటి చెప్త ఇను. ఒకరు వాడి ఇడిచింది మనకొస్తే అది వేరు, మనది మనమే మళ్లా మలుచుకుంటే అది వేరు. అన్న అంగీ నీకిచ్చేటప్పుడు నీకు కావాల్నా అని ఎవరూ అడగలే. నేను నా బిడ్డను అడిగిన.

తమ్ముడు: ఏమన్నది?

అక్క: మెత్తగ ఉంటే చాలన్నది.

తమ్ముడు: అది పోరి మాట. పెద్దోళ్ల మాట ఇంకొకటి ఉన్నది. మన పక్క లైన్ల లేబర్ రూములు చూడు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినోళ్లు ఒక్క అర్రల నలుగురైదుగురు. అట్టపెట్టెలు ఇప్పి కింద పరిచి, మీద చాప ఏసుకుంటరు. తలకింద మడిచిన ప్యాంటు. అది వాళ్లు చేస్తే గతిలేక చేసిన్రంటం. అదే పని మనం చేసి రంగేసుకుంటే కళ అంటం. ఈ పాత సామాన్ల ముచ్చటల నాకు నచ్చనిది అదే. తలాపే లేనోని కిటికీ ముందట నిలబడి, నా తలాపు ఎంత చవకల అయిందో చూడు అన్నట్టుంటది.

అక్క: ఆ మాట తగిలింది. చేసినంక ఫొటో తీసి అందరికి పంపాలనుకున్నది నిజం. పంపను. కాని అట్టపెట్టె మీద పండుకునుడును సిగ్గు చేసింది మనుషులు, అట్టపెట్టె కాదు. నాయినమ్మ బొంత కుట్టలేదా? పాత చీరెలు పొరల మీద పొరలు పరిచి, రంగున్నవి పైకి ఏసి, అంచు చింపి అంచుకే కుట్టేది. అది బీదతనమని మనం ఎన్నడన్న అనుకున్నమా? చలికాలం దాని కోసం కొట్లాడినం. తలాపు మెత్త గూడ గట్లనే కుడుత. పాత పరుపుల దూది ఏకిచ్చి, చీరె పొరల నడుమ పెట్టి, జానెడుకొక కుట్టు. కుట్టు దూరమైతే దూది కిందికి జారి ఉండ కడతది. రెక్జిన్ ఎందుకు వద్దంటే, మన తలలకు నూనె. ఆనుకున్నకాడ గుండ్రటి జిడ్డు మరక పడని తలాపు నువ్వేడన్న చూసినవా? రెక్జిన్ ఆ జిడ్డుకు, చెమటకు పొరలు ఊడుతది, ఉతకరాదు. బొంతైతే నాడాలు ఇప్పి ఉతుకుడే. రెండు కుడుత. ఒకటి ఎండల ఉంటే ఒకటి తలకాడ.

తమ్ముడు: మరి నల్లులు? కుట్లు, మడతలు, చెక్క సందులు, మనిషి నెత్తికి జానెడు దూరం. నల్లులకు అంతకన్న మంచి ఇల్లు ఏడ దొరుకుతది? ఎండల ఏస్తే సస్తయనుకుంటవు. ఎండ తగిలిన దిక్కు నుంచి సల్లటి మడతలకు పోయి దాసుకుంటయి. తలుపు బిళ్లలకు చుట్టూత ఉన్న సందులైతే సరే సరి. ఇగ మట్టిల నిలబెట్టిన కట్టెకు చెదలు లేకుంట ఉంటయా?

అక్క: బొంత ఉతికే నీళ్లు సలసల కాగినవే ఉంటయి, ఎండ మీద భారం ఎయ్యను. బిళ్లల సందులు లప్పంతోని నింపుత. చెదల మట్టి దారులు ఎక్కడిదాక ఉన్నయో టార్చి పెట్టి చూసిన. ఆ మెత్తబడ్డ అడుగు దాటి రాలే. ఆ అడుగు ఎట్లైనా పోయేదే. కోసిన మొకానికి చెదల మందు రెండు పూతలు ఎక్కువ పెడత, కట్టె అక్కడికెల్లే నీళ్లు ఎక్కువ పీలుస్తది గాబట్టి.

తమ్ముడు: బరువు? అడుగు పోయినా ఆ తలుపు పాతిక కిలోలకు తక్కువుండదు. మీ గోడలు బోలు సిమెంటు ఇటుకలవి. డ్రిల్లు కొడితే లోపల ఖాళీ, స్క్రూ పట్టదు. అర్ధరాత్రి అది పోరి మీద పడితే? ఇంటి ఓనరు తూట్లు పొడవనిస్తడా?

అక్క: గోడకు బరువు పెట్టనే పెట్టను. రెండు కాళ్లు నేల దాక దించుత. మంచం పట్టెకు ఒక్కొక్క దిక్కు రెండేసి బోల్టులు. మేకులైతే మంచం కదిలినప్పుడల్ల వదులై కిర్రుమంటయి. బోల్టులైతే ఇల్లు మారిన నాడు ఇప్పుకొని పోవచ్చు. గోడకు, పలకకు నడుమ రెండు వేళ్ల సందు ఇడుస్త, చెమ్మ తాకకుంట. అది నీ మంచం చెప్పిన బుద్ధే. కోసుడు, తూట్లు పెట్టుడు నేను చెయ్యను, కార్పెంటర్‌కు అరరోజు కూలిచ్చి చేయిస్త. బోల్టులు, లప్పం, చెదల మందు, పూత, కూలి అన్ని కలిపి రెండున్నర వేలు దాటదని నా లెక్క. నా ఆదివారాలు అండ్ల లేవని నువ్వు మళ్లా అంటవు. లేవు. ఒప్పుకుంట.

తమ్ముడు: అరరోజు కూలి మాటతోని నా కొట్లాట సగం పోయింది. ఎవరికాళ్లు ఇంట్ల చేసుకుంటే వడ్రంగం చేసేటోళ్లు ఏం తినాలె అని అందామనుకున్న. ఇప్పటికే రెడీమేడ్ పలకలొచ్చి ఆళ్లను స్క్రూలు బిగించే పనికి తెచ్చిపెట్టినయి. చిత్రిక పట్టే చెయ్యి కావాలని అడిగేటోళ్లు తక్కువైన్రు. మరి అమ్మకేం చెప్తవు? పాత ఇంటి కలప మళ్లా పడక అర్రల పెట్టొద్దంటది.

అక్క: పాత ఇంటి దూలాలు అమ్మినప్పుడు, కొన్నోళ్లు వాటిని కొత్తింటికి ఏసుకుంటమంటే, పైసలు లెక్కపెట్టుకున్నది అమ్మనే. అమ్మను నేను ఒప్పిస్త. తలకాయ దక్షిణం దిక్కు పెడతనంటే ఇంకేమీ అడగదు. నీ సంగతి చెప్పు. సీసమన్నవు, నల్లులన్నవు, బరువన్నవు. అసలు నీకు ఏం కష్టమైతున్నదో ఇంకా చెప్పలే.

తమ్ముడు: కోసుడు. ఎన్నడన్న మనదని ఒక ఇల్లు కడితే దానికి ఆ తలుపు పెట్టాలని నాకొక ఆశ. మన కండ్ల ముందటనే పొలాలు ప్లాట్లాయె. 158 కిలోమీటర్ల రింగు రోడ్డు మన ఊరిని తాకుకుంట పోయె. హైవే ఇంకా ఎడల్పు అంటున్నరు. ఇల్లు పోయె. ఆ తలుపు ఒక్కటే ఇంకా తలుపు లెక్కనే ఉన్నది. నువ్వు వాడుకుంట అంటున్నవు, నాకు కోసేస్తున్నట్టు వినిపిస్తున్నది. కోసినంక అది ఏ చౌకట్లకూ పట్టదు.

అక్క: అడుగు ఇప్పటికే పోయింది తమ్మీ. నువ్వు దాసిపెట్టినవు, వాన తిన్నది. ఇంకో నాలుగు వానకాలాలు దాసిపెడితే ఇంకో అడుగు పోతది. ఆశ పెట్టుకున్నోడివి కనీసం కప్పు కిందన్న పెట్టాల్సింది.

తమ్ముడు: అది నా తప్పే. దానికి నా కాడ జవాబు లేదు. కాని నువ్వు గూడ నాకొక జవాబు బాకీ ఉన్నవు. తడుపుకుంట గీకుత అంటివి. ఆ తడి పెచ్చులు, ఆ నీళ్లు ఏడ పోస్తవు? మోరిలనా? నక్కవాగు కథ మనకు తెల్వనిదా? ఫ్యాక్టరీల నీళ్లు పారి చెరువులు, బాయిలు, పొలాలు పాడైనయని కొట్లాడితిమి, 1990ల సుప్రీంకోర్టు దాక పోయింది ఆ కేసు. ఆ కొట్లాట దేనికి? తన గోడ లోపల శుభ్రం చేసుకొని గలీజును అవతలికి పంపుడు అన్యాయమని. నువ్వు పోరి అర్రను శుభ్రంగ పెట్టుకొని ఆ రంగు నీళ్లు మోరిల పోస్తే, గా పని చిన్నగ చేసినట్టే గదా?

అక్క: మోరిల పొయ్య. డబ్బాల పోసి మూత పెడత. అటెన్క... చెత్తబండికి ఇస్తే ఆళ్లు ఏడ ఒంపుతరో నాకు తెల్వదు. పాత రంగు డబ్బాలు, మందులు, బల్బులసొంటివి ప్రమాదకరమైన ఇంటి చెత్త కింద వేరేగ ఇయ్యాలని 2016 రూల్సులల్లనే రాసిన్రు. మన గల్లీకొచ్చే బండికి దానికోసం వేరే డబ్బా నేనైతే చూడలే.

తమ్ముడు: అయితే గీకకు. తడిగుడ్డతోని తుడిచి, ఉన్న రంగు మీదనే ఇంకో పూత ఎయ్యి.

అక్క: ఏస్తే టేకు కనిపియ్యదు. ఇంత కొట్లాట కొట్లాడింది ఆ కట్టె కోసం.

తమ్ముడు: బొంత కప్పినంక ఎట్లైనా కనిపియ్యదు గదా. కనిపియ్యని టేకుకు, ప్లైవుడ్‌కు పండుకున్నోళ్లకు తేడా ఏంది?

అక్క: పండుకున్నోళ్లకు లేదు. చెమ్మ గోడకు ఉన్నది. నాకు ఉన్నది. అది సాలు నాకు. కాని గీకకున్నా కోసుడన్న ఉంటది, రంపం దుమ్ముల గూడ ఆ రంగే. కొయ్యకుంట తెద్దామంటే కింది అడుగుల చెదలున్నయి. అక్కడ ఆగిపోయిన.

తమ్ముడు: అంత మెత్తబడ్డదంటే రంపం ఎందుకు? నీళ్లు కొట్టుకుంట చేతితోని ఇరిస్తే ఊడొస్తదేమో.

అక్క: ఊడినంత ఊడనీ. గట్టి తగిలినకాడ ఆపి, అక్కడ టేపు పెట్టి కొలుద్దాం.

తమ్ముడు: ఐదడుగులకు తక్కువ వస్తే?

అక్క: నువ్వన్న దుకాణానికి పోదాం. మంచంతోనే కొనాలంటడు, యాది పెట్టుకో.